పాత పేపర్లతో పొయ్యి దిమ్మలు: చాలాకాలం వాడాక

పాత పేపర్లు, అట్టముక్కలు నానబెట్టి, ఇనుప అచ్చులో నొక్కి, ఎండబెట్టి చేసే దిమ్మలను ఏళ్ల తరబడి పొయ్యిలో వాడుతున్నాను. వీటితో కట్టెల ఖర్చే ఉండదని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. కట్టెలకు తోడుగా మాత్రం భేషుగ్గా పనికొస్తాయి.

అచ్చులో పెద్ద హంగులేమీ లేవు. చిల్లులున్న రేకు పెట్టె, పైన నొక్కే పలక, రెండు పక్కలా పొడుగాటి పిడులు. నాదానికి రంగు ఊడి తుప్పు పట్టింది, ఒక పిడి కాస్త వంగింది, అయినా పని ఆగలేదు.

పేపర్ ఒక్క రాత్రి నానితే చాలదు. రెండు మూడు రోజులు నానాక వేళ్లతో నలిపితే ముక్కల అంచులు తెలియకుండా ముద్దయిపోవాలి. జిగురు అక్కర్లేదు. పేపర్లోని పీచే పెనవేసుకుని, ఆరేకొద్దీ గట్టిపడుతుంది. కొంచెం రంపపు పొట్టు కలిపితే ఇంకా బాగా మండుతుంది, మరీ ఎక్కువైతే అంచులు రాలిపోతాయి. పిండగా వచ్చిన నీళ్లు మళ్లీ నానబెట్టడానికే వాడతాను.

అసలు పరీక్షంతా ఎండబెట్టడంలోనే. పైన కరకరలాడుతున్నా లోపల చెమ్మ దాగి ఉంటుంది. మంచి ఎండల్లోనే వారాలు పడుతుంది, ముసురు పట్టిందా, ఇక చెప్పక్కర్లేదు. పైపైన తడిమి చూసి లాభం లేదు. ఒక దిమ్మను గుర్తుపెట్టుకుని అప్పుడప్పుడు తూకం వేయండి, బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టే. తడి దిమ్మ వేస్తే గదంతా పొగ, పైగా పొగగొట్టం లోపల తారులాంటి మసి పేరుకుంటుంది. ఆ మసికి నిప్పంటుకుంటే పెద్ద ప్రమాదం.

ఒంటరిగా వెలిగిస్తే మంట కాసేపే. తర్వాత పైన బూడిద పొర కప్పుకుని లోలోపల కుములుతూ ఉంటుంది. అదే దిమ్మను కణకణలాడే కట్టె నిప్పుల మీద పెడితే గంటసేపు నిలకడగా సెగనిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. చిరాకు పెట్టేది బూడిద. కట్టెల కంటే చాలా ఎక్కువ వస్తుంది. నున్నటి మ్యాగజైన్ పేజీలు వేస్తే మరీనూ, ఎందుకంటే ఆ నునుపు కోసం పూసే మట్టి, సున్నపు పొడి కాలవు. అందుకే వాటిని పక్కన పడేసి న్యూస్ పేపర్, మామూలు అట్టలే వాడతాను.

ప్లాస్టిక్ పూత ఉన్న అట్టలు, బిల్లుల థర్మల్ పేపర్, ప్లైవుడ్ పొట్టు అసలు కలపొద్దు. పీవీసీ ముక్క పడిందంటే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషాలు వెలువడతాయి. అట్టపెట్టెల మీది టేపును ఓపిగ్గా పీకాల్సిందే, విసుగు పని.

మళ్లీ కొనాల్సి వస్తే ఒక్క నొక్కుకు నాలుగు చిన్న దిమ్మలు వచ్చే అచ్చు తీసుకుంటాను. చిన్నవి తొందరగా ఎండుతాయి, నిప్పుల మధ్య సందుల్లో సర్దుకోవడమూ తేలిక.