పోర్ట్రెయిట్లకు కిట్ లెన్సా, 50 ఎంఎం లెన్సా?

కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ను తక్కువ చేసి చూడకండి. 18 దగ్గర పెట్టి మొహానికి బాగా దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. 55కి తిప్పి, ఐదారడుగులు వెనక్కి జరిగి తీయండి, అదే మొహం ఎంత బాగుంటుందో! కాకపోతే అక్కడ ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది).

50 ఎంఎం ఎఫ్/1.8 దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు తీసుకుంటుంది. సాయంత్రం వరండాలో ఫ్లాష్ అక్కర్లేదు, వెనకున్న బట్టల తీగ కూడా మసకైపోతుంది. కానీ 1.8లో దగ్గర్నుంచి తీస్తే ఒక కన్ను షార్ప్‌గా, రెండోది మసగ్గా రావచ్చు. 2.8 పెట్టుకుని, కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ చేయండి.

నేనైతే ముందు కిట్ లెన్స్‌తోనే, మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయమంటాను. ఇంట్లో వెలుతురు చాలక ఫొటోలు షేక్ అవుతుంటే అప్పుడు 50 కొనండి.