కాశీ దారిలో నా ఇన్సులిన్ సంచి

నాకు 68 ఏళ్లు. షుగర్ వచ్చి 22 ఏళ్లయింది, తొమ్మిదేళ్లుగా ఇన్సులిన్ వాడుతున్నాను. మావారికి మోకాళ్ల నొప్పులు. 2023లో గంగా పుష్కరాలకు మా వీధిలో చాలామంది కాశీ బయల్దేరారు. ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా, అంటే నడి ఎండల్లో. మా డాక్టరుగారు వద్దన్నారు. ఏడ్చినంత పని చేసి ఆగిపోయాను. మరుసటి ఏడాది కార్తీక పౌర్ణమి జనం తగ్గాక, నవంబరు చివరి వారంలో వెళ్లాం. మా వయసువాళ్లకు అవే మంచి రోజులని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. పగటి ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది, పొగమంచుకు రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమయ్యే కాలం ఇంకా రాదు.

వెళ్లేటప్పుడు రైలు. ఇద్దరికే టికెట్టు తీసుకున్నాం కాబట్టి సీనియర్ సిటిజన్ కోటాలో రెండూ కింది బెర్తులే వచ్చాయి. పిల్లల్ని కూడా కలిపి అదే టికెట్టు మీద నలుగురికి తీస్తే ఆ కోటా వర్తించదు. ఛార్జీలో రాయితీ 2020 మార్చి నుంచి ఎటూ లేదు.

నాగపూర్‌లో రాత్రి భోజనం అందిస్తామన్నారు కదా అని ఏడింటికే సూది వేసుకున్నాను. అదే నేను చేసిన తప్పు. బండి స్టేషన్‌కు ముందే ఆగిపోయింది. అరగంట దాటేసరికి చేతులు వణికాయి, జాకెట్టు చెమటకు తడిసిపోయింది. షుగర్ మీటరులో 58. మావారు గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించారు. పావుగంట ఆగి చూస్తే 84. ఎదురు బెర్తు అమ్మాయి తన డబ్బాలోంచి రెండు చపాతీలు తీసి పెట్టింది. అప్పటినుంచి పళ్లెం ఎదురుగా కనబడితే తప్ప నేను సూది ముట్టడం లేదు.

కాశీలో మొదట దిగింది గొదౌలియా దగ్గర ఒక హోటల్లో. ఫోనులో ‘లిఫ్ట్ ఉందా’ అని అడిగితే ఉందన్నారు. నిజమే, ఉంది. కానీ అది మొదటి అంతస్తు నుంచి మొదలవుతుంది, అక్కడికి చేరడానికి 14 నిటారు మెట్లు. మావారు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అందుకే గది మాట్లాడేటప్పుడు లిఫ్ట్ సంగతి అడిగి ఊరుకోకండి. కారు దిగిన చోటు నుంచి మంచం దాకా మెట్లెన్నో లెక్క చెప్పమనండి. ఆ తర్వాత బాత్‌రూములో కమోడ్ ఉందా, పట్టుకోవడానికి ఏమైనా ఉందా అని అడగండి.

అసలు కష్టం ఆ హోటల్లోనే వచ్చింది. గదిలో ఫ్రిజ్ లేదు. రెండు కొత్త ఇన్సులిన్ పెన్నులు కింద కౌంటర్‌లో అబ్బాయికిచ్చి ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. ‘అలాగే మాతాజీ’ అని ఎంతో మర్యాదగా తీసుకున్నాడు. మర్నాడు పొద్దున తెచ్చిచ్చాడు. చేతిలోకి తీసుకుంటే ఐసుముక్కల్లా ఉన్నాయి, పెన్ను చుట్టూ తెల్లగా మంచు పొర. జాగ్రత్తగా ఉంటుందని పైన ఫ్రీజర్‌లో పెట్టాడట. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనబడినా పనిచేస్తుందని నమ్మకూడదు, పారేయాలి. ఆ అబ్బాయిని ఏమనగలను? ‘కింది అరలో, తలుపు దగ్గర పెట్టు బాబూ’ అని నేను చెప్పలేదు. ఇంకా బాధేమిటంటే, ఆ చలికి ఫ్రిజ్ అవసరమే లేదు. నేను వాడే రకం 30 డిగ్రీలు దాటని చోట బయట నాలుగు వారాలు ఉంటుంది.

మా అమ్మాయి పుణ్యమా అని మందులన్నీ రెండు వాటాలు చేసుకున్నాం. మావారి సంచిలో ఇంకో రెండు పెన్నులు, పదిరోజుల మాత్రలు, డాక్టరు చీటీ నకలు ఉన్నాయి. ఆ సంచి లేకపోతే యాత్ర ఆ పొద్దున్నే ముగిసిపోయేది.

తర్వాత కంటోన్మెంట్ వైపు మారిపోయాం. కారు గుమ్మం దాకా వస్తుంది, కింది అంతస్తులోనే గది. ఘాట్లకు మాత్రం దూరం, రాకపోకలకు ఆటో ఖర్చు. పాండే హవేలీ వైపు మనవాళ్ల సత్రాలున్నాయి, తెలుగు భోజనం, గంగ దగ్గర. బాగా నడవగలిగితే వాటినే ఎంచుకోండి. ఆ సందుల్లోకి కారు రాదు, మాకు అదే కుదరలేదు.

దర్శనానికి సోమవారం వదిలి బుధవారం వెళ్లాం. గుడిలోకి ఫోను, సంచి రానివ్వరు, కాబట్టి మీటరూ బయటే. పటికబెల్లం ముక్కలు కొంగున ముడేసుకుని, కడుపునిండా తిన్నాకే వరసలో నిలబడ్డాను. విశ్వేశ్వరుణ్ణి చూసింది కొద్ది క్షణాలే, అయినా కళ్లు నిండిపోయాయి.

హారతి చూడ్డానికి దశాశ్వమేధ ఘాట్ మెట్లు దిగే సాహసం చేయలేదు. నమో ఘాట్‌లో వాలుదారి ఉంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. అక్కడినుంచి పడవెక్కి నీళ్లమీద నుంచే చూశాం. మావారు మోకాలు ఒక్కసారి కూడా తడుముకోలేదు.

తిరుగు ప్రయాణం విమానంలో. టికెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ అడిగితే డబ్బేమీ తీసుకోలేదు. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉంచాను, కింద సామాన్లలో వేస్తే అక్కడా గడ్డకట్టొచ్చు. తనిఖీ దగ్గర డాక్టరు చీటీ చూపించాను, ఆ అమ్మాయి పెన్నులు లెక్కపెట్టి, సంచి జిప్పు తనే మూసి నా ఒళ్లో పెట్టింది.