అల్యూమినియం బాడీ 12 బోర్: ఏళ్ల తరబడి వాడాక

నా 12 బోర్ తుపాకీ (గుళ్ల తూటాలు కాల్చే షాట్‌గన్) చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ "గొట్టాలు కూడా టైటానియంతో చేసుంటే ఇంకెంత తేలిగ్గా ఉండేదో" అంటాడు. బాడీ అల్యూమినియం మిశ్రమం, తూటా అడుగు ఆనేచోట టైటానియం పలక, ఒకదానిమీదొకటి ఉన్న రెండు గొట్టాలు మాత్రం ఉక్కువే. బరువు 2.7 కిలోలు. నన్నడిగితే, చేసినవాడు ఆగాల్సిన చోటే ఆగాడు.

విజయవాడ నుంచి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌కి మోసుకెళ్లడానికి హాయి. కాల్చేటప్పుడే తెలుస్తుంది. ట్రాప్ (గాల్లోకి ఎగరేసిన బిళ్లల్ని కాల్చే ఆట) తుపాకులు 3.6 కిలోలకి అటూ ఇటూ ఉంటాయి. అదే 24 గ్రాముల గుళ్లున్న తూటాకి దీని తన్ను వాటికన్నా మూడో వంతు ఎక్కువ. రెండో రౌండ్‌లో భుజమే కాదు, దవడ కూడా మూలుగుతుంది. తన్నుకైనా అలవాటు పడొచ్చు గానీ, ఎగిరే బిళ్ల వెంట తిప్పుతుంటే ముందు బరువు చాలక గొట్టం ఠక్కున ఆగిపోతుంది. బిళ్ల క్షేమంగా వెళ్లి నేలమీద పడుతుంది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాములు, టైటానియంది 4.5. గొట్టాలూ అదే అయితే ముక్కు ఇంకా తేలిపోయేది.

పోనీ గట్టితనమైనా కలిసొస్తుందా అంటే, బలం ఉంది గానీ బిగువు ఉక్కులో దాదాపు సగమే. వంగకుండా ఉండాలంటే గోడ మందం పెంచాలి, అప్పుడు తగ్గించుకున్న బరువులో చాలాభాగం తిరిగొచ్చేస్తుంది. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రీ దగ్గర ఈ మాటెత్తితే, "టైటానియమా? టూలుకి అతుక్కుపోద్ది సార్. వేడంతా టూలు మొనమీదే. పొట్టుకి నిప్పంటుకుందంటే నీళ్లు పొయ్యకూడదు" అన్నాడు. అలాంటి లోహంలో అంత పొడుగు రంధ్రం నున్నగా తీయడానికి ఎంతవుతుందో ఊహించుకోండి.

తేలిక గొట్టాల ప్రయత్నాలు లేకపోలేదు. 1960ల్లో అమెరికాలో ఆర్మలైట్ ఏఆర్-17కి అల్యూమినియం గొట్టమే పెట్టారు. వించెస్టర్ మోడల్ 59లో పల్చటి ఉక్కు గొట్టం చుట్టూ గాజునార చుట్టారు. రెండూ ఆ దశాబ్దం దాటలేదు.

అరుగుదల సంగతి: గొట్టాలు మడిచేచోట బాడీ లోపలి నల్లపూత పోయి గోరంత మేర తెల్లగా మెరుస్తోంది. టైటానియం పలకమీద గీత కూడా లేదు. వానాకాలంలో మాత్రం కృష్ణ ఒడ్డు చెమ్మకి ఉక్కు గొట్టాలు రెండ్రోజులు తుడవకపోతే చుక్కలు కడతాయి, నూనెగుడ్డ తప్పదు.

పొలంగట్ల మీద రోజంతా మోసేవాడికి ఇది సరే. ట్రాప్ కోసమైతే బరువుదే కొనండి. నేనూ ఇప్పుడు పోటీలకి స్నేహితుడి ఉక్కు బాడీ తుపాకీ వైపే చూస్తున్నా, లైసెన్సులో చోటుంటే.