నీళ్లలో కరగాలి, కాగితం మీద కరగకూడదు: ఒక డై ఇంక్ సెట్ వాడి చూశాక

ముందు మంచి మాట చెప్పేస్తాను. ఈ నాలుగు సీసాల డై ఇంక్ సెట్‌తో ఫోటోలు చాలా బాగా వస్తున్నాయి. ప్రింటర్ తయారు చేసినవాళ్ల ఇంక్ కాదు ఇది, ట్యాంకులో పోసుకునే బయటి రీఫిల్. గ్లాసీ పేపర్ మీద ఎరుపులు, గులాబీలు కళకళలాడుతున్నాయి, ముఖాల రంగు సహజంగా ఉంది, లేత రంగు నుంచి ముదురు రంగుకి మారే చోట ఎక్కడా చారలు లేవు. ఫోటోల కోసమే కొనేవాళ్లు సగం నిశ్చింతగా ఉండొచ్చు. మిగతా సగం గురించే ఈ రివ్యూ.

సీసా మీద 'వాటర్‌ప్రూఫ్' అని పెద్దక్షరాలతో వేశారు. నా అభ్యంతరం అక్కడే.

పిగ్మెంట్ ఇంక్‌లో రంగు సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది, డై ఇంక్‌లో మాత్రం నీళ్లలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. అంత కళ రావడానికి కారణం అదే. ప్రింటర్ హెడ్‌లో ఇంక్ చిమ్మే నాజిల్ రంధ్రం 20 మైక్రాన్లకి కాస్త అటూ ఇటూ, అందులోంచి బయటికొచ్చే చుక్క కొన్ని పికోలీటర్లు మాత్రమే, కాబట్టి రంగు ఎంత బాగా కరిగితే ప్రింటర్‌కి అంత సుఖం. కానీ నీళ్లలో అంత బాగా కరిగే రంగు, ప్రింట్ మీద నాలుగు నీటిచుక్కలు పడితే మళ్లీ కరగకుండా ఎందుకు ఊరుకుంటుంది? ఈ రంగుల మీద పనిచేసే కెమిస్టులకి పెద్ద తలనొప్పి ఈ ప్రశ్నే.

ఇంక్‌జెట్ మొదటి రోజుల్లో వేరే పనుల కోసం అప్పటికే ఉన్న రంగుల్నే తెచ్చి వాడారు. నలుపుకి ఫుడ్ బ్లాక్ 2, మెజెంటాకి (ముదురు గులాబీ) యాసిడ్ రెడ్ 52, సయాన్‌కి (లేత నీలం) డైరెక్ట్ బ్లూ 199. ఫుడ్ బ్లాక్ 2ని నీళ్లలో కరిగించేవి సల్ఫోనిక్ గ్రూపులు, అంటే అణువుకి అతుక్కుని ఉండే బలమైన ఆమ్ల భాగాలు. అవి ఆమ్లంలోనైనా క్షారంలోనైనా విద్యుదావేశం ఉన్న అయాన్లుగానే ఉండి కరుగుతాయి కాబట్టి నీళ్లు తగలగానే రంగు కారిపోయేది. ఆ తర్వాత బ్రిటన్‌లో ఐసీఐ (ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్) లాంటి కంపెనీల కెమిస్టులు ఒక మంచి ఉపాయం పట్టారు. కొన్ని సల్ఫోనిక్ గ్రూపుల స్థానంలో కార్బాక్సిలిక్ గ్రూపులు, అంటే బలహీనమైన ఆమ్ల భాగాలు పెట్టారు. ఇవి సీసాలోని క్షారపు ఇంక్‌లో హాయిగా కరుగుతాయి, కాస్త ఆమ్లగుణం ఉన్న కాగితం మీద పడగానే కరిగే గుణం పోగొట్టుకుని అక్కడే ఉండిపోతాయి. పైగా రంగుని అమ్మోనియం లవణంగా చేస్తే, ఆరేటప్పుడు అమ్మోనియా ఎగిరిపోయి ఆ పని ఇంకా తేలికవుతుంది. ఎంత చక్కటి ఆలోచనో చూడండి, ఒకే రంగుకి సీసాలో ఒక స్వభావం, కాగితం మీద ఇంకో స్వభావం!

మరి ఈ సెట్‌లోని నలుపు ఆ కోవలోదేనా అని మామూలు కాగితం మీద అక్షరాలు ప్రింట్ తీసి చూశాను. ప్రింట్ రాగానే నీటిచుక్క వేస్తే బాగా పాకింది, అది ఏ డై ఇంక్‌కైనా జరిగేదే. రాత్రంతా ఆరనిచ్చి వేసినప్పుడు అంచులు కొంచెం మసకబారాయి గానీ అక్షరాలు చదవొచ్చు. అదే ప్రింట్ మీద వంటసోడా కలిపిన నీళ్లు వేస్తే మాత్రం నలుపు మళ్లీ లేచి నీలం నీలంగా కారింది. అంటే క్షారం తగలనంతవరకే నిలిచే రకం అనిపిస్తోంది. కాగితం మారితే ఫలితం కూడా మారింది. ఇప్పటి ఆఫీసు కాగితాల్లో చాలావాటికి కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, వాటిలో ఆమ్లగుణం ఉండదు, కాబట్టి అన్ని కాగితాల మీదా ఒకే ఫలితం వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. దీన్ని వాటర్‌ప్రూఫ్ అనడం అన్యాయం. 'ఆరాక కొంతవరకు నీటిని తట్టుకుంటుంది' అని రాసి ఉంటే నేను మెచ్చుకునేవాణ్ణి.

మెజెంటా సంగతి నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. నోట్లు చెక్ చేసే యూవీ టార్చ్ వేసి చూస్తే లేత గులాబీ భాగాలు నారింజ ఛాయతో వెలిగాయి. యాసిడ్ రెడ్ 52 లాంటి శాంథీన్ రంగులు అలా వెలుగుతాయి. వాటి మెరుపు మరే మెజెంటాకీ రాదు గానీ వెలుతురుకి త్వరగా వెలిసిపోతాయి. లోహం చేర్చిన అజో అనే ఇంకో రకం రంగులు ఎండకి బాగా తట్టుకుంటాయి, బదులుగా కాస్త డల్‌గా కనబడతాయి. మెరుపూ మన్నికా రెండూ ఒకే అణువులో తేవడానికే ఇన్నేళ్లుగా ఇంత పరిశోధన. ఈ సెట్ చేసినవాళ్లు మెరుపు వైపే మొగ్గారని కిటికీ అద్దానికి అంటించిన ప్రింట్ చూస్తే తెలిసిపోతుంది, గులాబీలు ముందు పాలిపోయి మొత్తం బొమ్మ ఆకుపచ్చగా తేలింది.

సయాన్‌కి శత్రువు వేరు. దానికి వాడే రాగి థాలోసయనిన్ రంగు (డైరెక్ట్ బ్లూ 199 ఆ రకమే) వెలుతురుకి గట్టిదే, కానీ గాలిలోని ఓజోన్ దాన్ని తినేస్తుంది. చిన్న చిన్న రంధ్రాల పూత ఉండి, తడి క్షణంలో ఆరిపోయే ఫోటో పేపర్ల మీద ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ రంధ్రాల్లోంచే గాలి లోపలికి పోతుంది. ఫ్రేములో గ్లాసు వెనక పెట్టిన ప్రింట్ బాగానే ఉంది, ఫ్యాన్ గాలికి గోడ మీద వదిలేసిన దాంట్లో నీలాలు తగ్గి ఎరుపు తేలింది. కాబట్టి లామినేషన్ గానీ గ్లాసు గానీ తప్పనిసరి. ఎల్లోతో పేచీ ఏమీ లేదు.

హెడ్ విషయంలో ఈ ఇంక్‌కి మంచి మార్కులే ఇస్తాను. నా ప్రింటర్ థర్మల్ రకం, లోపల చిన్న హీటర్ మైక్రోసెకన్లలో 300 డిగ్రీలు దాటి ఆవిరి బుడగ పుట్టించి చుక్కని తోస్తుంది. రంగు తయారీలో మిగిలిన ఉప్పునీ కాల్షియం, ఇనుము లాంటి లోహాల జాడల్నీ మెంబ్రేన్ ఫిల్టర్లతో సరిగ్గా తీసేయకపోతే అవి హీటర్ మీద మాడి పొరకడతాయి, చుక్కలు బలహీనపడతాయి. ఇక్కడ అలాంటి సూచనేమీ కనబడలేదు, కొన్నాళ్లు వాడకుండా వదిలేసినా ఒక్క హెడ్ క్లీనింగ్‌తో నాజిల్ ప్యాటర్న్ (నాజిళ్లు పనిచేస్తున్నాయో చూసే పరీక్ష గీతలు) పూర్తిగా వచ్చింది. రంగుని శుద్ధి చేయడంలో వీళ్లు కక్కుర్తి పడలేదు.

సర్టిఫికెట్లు, సంతకాలు, అడ్రసు లేబుళ్లు లాంటివాటికి దీన్ని వాడకండి, వాటికి పిగ్మెంట్ నలుపే కావాలి. ఇంకో మాట, కొన్ని ప్రింటర్లలో మూడు రంగులు డై, నలుపు ఒక్కటే పిగ్మెంట్ ఉంటుంది. ఆ నలుపు ట్యాంకులో ఈ సెట్‌లోని నలుపు పోయొద్దు. రెండూ కలిస్తే పిగ్మెంట్ రేణువులు గడ్డకట్టి హెడ్ మూసుకుపోయే ప్రమాదం ఉంది, ఈ హెచ్చరిక సీసా మీద ఎక్కడా లేదు. కొనేముందు మీ ప్రింటర్ మాన్యువల్‌లో నలుపు ఏ రకమో చూసుకోండి.