పఫిన్ కోసమైతే మోహర్ కాదు, సాల్టీ

ఐర్లండ్ వెళ్లే మనవాళ్లు పఫిన్ పిట్టలనగానే క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌కి టికెట్ తీసేసుకుంటారు. ఆ కొండలు చూడాల్సినవే, కాదనను. కానీ అక్కడ పఫిన్లు ఎక్కడో కింద చుక్కల్లా ఉంటాయి. బైనాక్యులర్స్ లేకుండా వెళ్లి ప్రయోజనం లేదు.

నా ఓటు వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని గ్రేట్ సాల్టీ దీవికే. కిల్‌మోర్ కీ రేవు నుంచి బోటు. ఏప్రిల్ నుంచి జులై మధ్యలో వెళ్లాలి, ఆ తర్వాత పఫిన్లు సముద్రం మీదకి వెళ్లిపోతాయి. దీవి ప్రైవేటుది, రాత్రి ఉండనివ్వరు. టాయిలెట్ లేదు, టీకొట్టు లేదు. బోటు ఒడ్డు దాకా రాదు. చిన్న రబ్బరు పడవలోకి మారి, నీళ్లలో కాళ్లు పెట్టి దిగాలి. పెద్దవాళ్లని తీసుకెళ్లేముందు ఆలోచించుకోండి. గాలి ఎక్కువైతే ట్రిప్పు రద్దు. మాకు ఆ మెసేజ్ సగం దారిలో ఉండగా వచ్చింది, అదే చిరాకు. ఒక రోజు అదనంగా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

దిగాక మాత్రం అన్నీ మర్చిపోతాం. పఫిన్ మనం ఫొటోల్లో చూసి అనుకున్నంత పెద్దదేం కాదు, కోడిపెట్ట కన్నా చిన్నది. ముక్కుకి అడ్డంగా సన్నచేపలు వేలాడేసుకుని వచ్చి, గడ్డిలో ఉన్న బొరియలోకి దూరిపోతుంది. దీవి చివర గానెట్లు అనే పెద్ద తెల్లటి సముద్రపు పక్షులు. రెక్కలు చాపితే దాదాపు 2 మీటర్లు. జంట పక్షి రాగానే మెడలు పైకెత్తి ముక్కులు టకటకా తాటిస్తాయి. కంపు మాత్రం భరించాలి.

బస కిల్‌మోర్ కీ దగ్గర ఓ రైతు ఇంట్లో. బస్సులు తక్కువ, కారు ఉంటేనే సుఖం. గది చిన్నది, వేడినీళ్లకి ఢోకా లేదు. బ్రేక్‌ఫాస్ట్ అంటే సాసేజీలే కాబట్టి శాకాహారులు ముందు రోజు రాత్రే చెప్పాలి. చెప్తే గుడ్లు, పుట్టగొడుగులు, బ్రౌన్ బ్రెడ్ పెట్టారు. ఆ ఇంటి కంచెలోనే రాబిన్ పిట్ట, తోక నిక్కబొడుచుకుని తన సైజుకి మించి అరిచే రెన్, కొట్టంలో గూడు కట్టిన స్వాలోలు. అక్కడి కాకికి ఒళ్లంతా బూడిదరంగు, తల, రెక్కలు, తోక నలుపు. మన ఊరి కాకికి మెడ దగ్గరే ఆ రంగు కదా, మా అమ్మకి ఫొటో పంపితే నమ్మలేదు.

చలికాలంలో వెళ్తే సాల్టీ వదిలేసి వెక్స్‌ఫర్డ్ నార్త్ స్లాబ్‌కి వెళ్లండి. 1840ల్లో సముద్రాన్ని వెనక్కి నెట్టి తీసిన పొలాలు. గ్రీన్‌లాండ్ నుంచి వచ్చే పెద్దబాతులు అక్కడ గుంపులుగా మేస్తుంటాయి. ప్రవేశం ఉచితం.

డబ్లిన్ దాటే టైమ్ లేకపోతే బుల్ ఐలాండ్ చాలు. ఆర్కిటిక్ కెనడా నుంచి వచ్చిన బ్రెంట్ పెద్దబాతులు చలికాలమంతా ఉంటాయి, ఒక్కోసారి ఊళ్లోని ఆటస్థలాల్లోనూ గడ్డి మేస్తూ కనిపిస్తాయి. పోటు వేళ ముందే చూసుకుని వెళ్లండి, నీళ్లు పెరిగేకొద్దీ పక్షులు రోడ్డు దగ్గరికి జరుగుతాయి. ఆటు వేళ వెళ్తే బురదలో దూరంగా ఉంటాయి.