పుల్లీలు సరిచూసే లేజర్: 4 స్టార్లు

కంప్రెసర్ మోటారుకి బెల్టు మార్చినప్పుడల్లా దారం లాగి పుల్లీలు రెండూ ఒకే వరసలో ఉన్నాయా అని సరిచూసేవాణ్ణి. ఇప్పుడీ అయస్కాంతపు లేజర్ కొన్నాను. ఒక పుల్లీ ముఖానికి దీన్ని అంటించి, రెండోదానిపై లేజర్ గీత పడే టార్గెట్లు పెడితే చాలు. పుల్లీ పక్కకి జరిగిందా, మోటారే వంకరగా కూర్చుందా అన్నది గీత చూడగానే తెలిసిపోతుంది. దారంతో ఇది ఇంత తేలిగ్గా తేలదు.

అల్యూమినియం పుల్లీకి మాత్రం అతుక్కోదు. ఆ ముక్క డబ్బా మీద రాయొచ్చుగా! పుల్లీల అంచు మందాలు వేరైతే ఆ తేడా మనమే లెక్కేసుకోవాలి.

బెల్టు టెన్షన్ (బిగువు) సంగతి దీనికి పట్టదు. దానికి నాది పాత పద్ధతే. వి-బెల్టు స్పాన్ (రెండు పుల్లీల మధ్య బెల్టు పొడవు) 1 మీటరుంటే, బెల్టు కంపెనీ చెప్పిన బలంతో మధ్యలో నొక్కితే సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి. బోల్టులు బిగించేటప్పుడు మోటారు కదులుతుంది కాబట్టి, బిగించాక లేజర్ మళ్లీ పెట్టి చూడండి.