బుర్గోస్‌లోకి నడిచి వెళ్లేవాళ్లకు: ఏటి దారి పట్టండి

స్పెయిన్‌లో సాంతియాగో నగరం దాకా సాగే పాత క్రైస్తవ యాత్రా మార్గం కమీనో దె సాంతియాగో నడిచేవాళ్లు బాగా విసుక్కునే రోజుల్లో బుర్గోస్ చేరే రోజు ఒకటి. సగం పైగా తారు రోడ్డే. చాలామంది బుర్గోస్ శివారు వియాఫ్రియా దగ్గర సిటీ బస్సెక్కేస్తారు. అందులో తప్పేమీ లేదు. సాంతియాగోలో ఇచ్చే ధ్రువపత్రానికి చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు, ఇక్కణ్నుంచి సాంతియాగో ఇంకా 500 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కానీ బస్సెక్కాల్సిన పని లేకుండా నడవడానికి మంచి దారి ఒకటి ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతున్నారన్నదే నా బాధ.

పొద్దున అటపుయెర్కా ఊరి నుంచి బయల్దేరితే ముందు రాళ్ల దారిలో కొండెక్కాలి. పైన పెద్ద చెక్క శిలువ ఉంటుంది, అక్కణ్నుంచి దూరంగా బుర్గోస్ కనిపిస్తుంది. ఊరు కంటికి ఆనినంత తొందరగా కాలికి అందదు. కొండ దిగి కార్దెన్యువేలా చేరితే తారు మొదలవుతుంది. ఓర్బనేహా దాకా అదే రోడ్డు, పక్కన నడవడానికి చోటు తక్కువ. స్పెయిన్‌లో ఊరి బయట రోడ్ల మీద నడిచేవాళ్లు ఎడమ పక్కన, ఎదురొచ్చే బళ్లు కనిపించేలా నడవాలి. రోడ్డు అంచులకేసి వాలుగా ఉంటుంది కాబట్టి ఎడమ కాలు ఎప్పుడూ కాస్త పల్లంలో పడుతుంది. గంటల తరబడి అలా నడిస్తే మోకాలు, తుంటి పట్టేస్తాయి. కొండ దారిలో ప్రతి అడుగూ వేరుగా పడుతుంది. తారు మీద ఒకే చోట, ఒకేలా పడుతూ ఉంటుంది. పైగా వేడి. పాదాలు బొబ్బలెక్కేది అందుకే. అంచున మట్టి దొరికిన ప్రతిచోటా దిగి నడవండి, కార్దెన్యువేలాలో ఆగి సాక్సులు మార్చుకోండి. కర్రలకు రబ్బరు తొడుగులు వేసుకుంటే చేతులకు అదురు తగ్గుతుంది.

ఓర్బనేహా దాటి మోటర్‌వే వంతెన ఎక్కి దిగాక అసలు నిర్ణయం. నేరుగా పోతే వియాఫ్రియా, ఆ తర్వాత ఫ్యాక్టరీలు, కార్ల షోరూములు, లారీల మధ్య సిమెంటు పేవ్‌మెంటు. దారి చూపే పసుపు బాణాలను నమ్ముకుని నడిచేవాళ్లు ఎక్కువగా అటే పోతారు. ఎడమకు తిరిగితే విమానాశ్రయం కంచె పక్కనుంచి కస్తన్యారెస్ వస్తుంది. ఆ కంచె పక్క నడక కూడా బోరే, నీడ అసలు లేదు. అక్కడ పెద్ద రోడ్డు దాటి అర్లన్సోన్ ఏటి ఒడ్డు పట్టుకుంటే మాత్రం లోకమే మారిపోతుంది. చెట్లు, మట్టి బాట, ఫుయెంతెస్ బ్లాంకాస్ పార్కు, కుక్కల్ని తిప్పుతున్న ఊరివాళ్లు. నగరం మధ్య దాకా నీడలోనే రావచ్చు. దూరంలో పెద్ద తేడా లేదు, కాళ్లకు మాత్రం చాలా తేడా. కస్తన్యారెస్ మలుపు ముందే మ్యాపులో గుర్తు పెట్టుకోండి.

బసకు మునిసిపల్ అల్బెర్గేకే (యాత్రికుల సత్రం) నా ఓటు. కెథడ్రల్ (ఊరి పెద్ద చర్చి) వెనకాలే ఉంది, 150 పడకలు. ఒకదాని మీద ఒకటి ఉండే బంకు పడకలైనా శుభ్రంగా ఉంటాయి. రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవాళ్లకే పడక, అదీ ఒక్క రాత్రికే. క్రెదెన్షియల్ (యాత్రికుల ముద్రల పుస్తకం) చూపించి ముద్ర వేయించుకోవాలి. గురకలు తప్పవు, చెవుల్లో పెట్టుకునేవి తెచ్చుకోండి.

తిండి విషయంలో వేళలు తెలుసుకోవడం ముఖ్యం. రెస్టారెంట్లలో రాత్రి భోజనం ఎనిమిదిన్నర, తొమ్మిదికి గానీ మొదలవదు. అల్బెర్గేల్లో పదింటికల్లా తలుపులు వేసేస్తారు. అందుకే మధ్యాహ్నం రెండు తర్వాత దొరికే మెనూ దెల్ దీయా (ఆ రోజు భోజనం) కడుపునిండా తినడం మంచిది: రెండు వంటకాలు, బ్రెడ్డు, ఏదో ఒక తీపి. ఈ ఊరి మోర్సియా అనే సాసేజ్‌లో అన్నంతోపాటు పంది రక్తం ఉంటుంది, శాకాహారులు పేరు గుర్తుంచుకోవాలి. తేనె వేసిచ్చే బుర్గోస్ తాజా చీజ్ మాత్రం ఎంత తిన్నా తనివి తీరదు. ఆదివారం వచ్చేవాళ్లు ముందురోజే సరుకులు కొనుక్కోండి, దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి.

1221లో కట్టడం మొదలైన ఆ కెథడ్రల్‌కు యాత్రికులకు టికెట్టు తగ్గింపు ఉంటుంది, క్రెదెన్షియల్ జేబులో ఉంచుకోండి. మధ్యయుగపు స్పెయిన్ వీరుడు ఎల్ సిద్ సమాధి లోపల మధ్య గోపురం కింద ఉంది. తలెత్తి ఆ గోపురం చూడకుండా వచ్చేయకండి. ఏటి అవతల మానవ పరిణామ మ్యూజియం 2010లో తెరిచారు. పొద్దున దాటొచ్చిన అటపుయెర్కా కొండలో దొరికిన లక్షల ఏళ్ల నాటి మనుషుల ఎముకలు అక్కడ ఉన్నాయి. ఆ కొండ మీద నడిచినవాళ్లు చూసితీరాల్సిన చోటు. కానీ అలసిన కాళ్లతో అదే సాయంత్రం రెండూ కుదరవు. కెథడ్రల్ మొదటి రోజు చూసి, రెండో రాత్రికి ఏదైనా ఓస్తాల్‌లో (చిన్న హోటల్) గది తీసుకోండి. మ్యూజియానికి పూట ఇవ్వొచ్చు, కాళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది.